గోడ వైపు ఎర్ర బటన్

1997 జులై 23, బుధవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. రాత్రంతా పట్టిన ముసురు ఆరింటికి తెరపిచ్చింది గాని, ఆకాశంలో నీలం జానెడైనా లేదు. గాలి ఆడటం లేదు. ఉక్క. ధవళేశ్వరం రోడ్డులో కాలువ గట్టునానుకుని ఉన్న రేకుల షెడ్డు చూరు నుంచి నీళ్ళు ఇంకా బొట్లుబొట్లుగా రాలుతున్నాయి. ఆ షెడ్డు గేటు దగ్గర అమ్మాజీ ఆటో దిగింది. ఆమె చేతిలో టిఫిన్ క్యారియర్ ఉన్నది. అందులోని ఇడ్లీలు రాజమండ్రి ఆసుపత్రిలో ఉన్న ఆ షెడ్డు పనివాడు దొరబాబు కోసం వండినవి. అవి అతని మంచం దాకా వెళ్ళి, మూతైనా తియ్యకుండా తిరిగి వచ్చాయి.

"శాంతి పూజ అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టొద్దన్నారండి," అన్నాడు దొరబాబు, కట్టు కట్టిన కుడిచేతిని దిండు మీద మోపుకుని.

"ఎవరన్నారు?"

"ఓవర్సీరుగారండి. నా పేరు మీద చేయిస్తన్నారు కదండి. మా ఇంటిది రత్తమ్మని కూడా షెడ్డుకి రమ్మన్నారండి. కొబ్బరికాయ దాని చేత్తోనే కొట్టించాలంట." అడగని మాటకు జవాబు చెప్పుకున్నాడు. "తప్పు నాదేనండి అమ్మగారూ. తిరిగే మిషన్ మీద చెయ్యెట్టకూడదు కదండి."

మూడు వేళ్ళు పోగొట్టుకున్నవాడు, ఒంట్లో నెత్తురు తక్కువైనవాడు, డాక్టరు తినమన్నా తినకుండా, తప్పు కూడా తన నెత్తినే వేసుకుని పడుకున్నాడు. అది చూసేసరికి అమ్మాజీకి అరికాలి మంట నెత్తికెక్కింది. క్యారియర్ తీసుకుని ఆటో ఎక్కింది.

ఆ షెడ్డు ఆమె భర్త భాస్కరానిది. అమ్మాజీ వాల్తేరులో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివి, రాజమండ్రిలో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెబుతున్నది. షెడ్డు వ్యవహారాల్లో ఆమె వేలు పెట్టదు. కాని ఆ షెడ్డులోని యంత్రం పని ఆమెకు బాగా తెలుసు. విశాఖపట్నం నుంచి లారీ మీద రేకు చుట్టగా వస్తుంది. చుట్టను విప్పినంత మాత్రాన రేకు చదును కాదు. విస్తరాకు ఎండినట్టు వంకర్లు తిరిగి ఉంటుంది. దాన్ని కిందా పైనా వరుసగా ఉన్న ఉక్కు రోలర్ల మధ్య నుంచి లాగితే, ఒక రోలరు ఇటు వంచుతుంది, మరొకటి అటు వంచుతుంది, వంపులన్నీ ఒకదాన్నొకటి చంపుకుని రేకు పలకలాగా బయటికి వస్తుంది. ఆ వెంటనే గుండ్రటి కత్తులు దాన్ని కావలసిన వెడల్పుకు నిలువునా చీలుస్తాయి. తుని నుంచి కాకినాడ దాకా బీరువాలు చేసేవాళ్ళందరికీ ఇక్కడి నుంచే రేకు వెళుతుంది. శ్రావణంలో పెళ్ళిళ్ళు. పెళ్ళికూతురి సారెలో బీరువా. అందుచేత ఆషాఢంలో ఆ యంత్రానికి ఊపిరి సలపదు.

ఆ యంత్రం పడమటి గోడ వెంబడి ఉన్నది. మొదట బిగించినప్పుడు గేర్లు, గొలుసులు గోడ వైపున, బటన్ల పెట్టె షెడ్డులోకి, అంటే మనుషులు నిలబడే వైపున ఉండేవి. చుట్ట ఉత్తరపు చివర, గేటుకు దగ్గరగా ఉండేది. లారీ నుంచి దింపడం సులువు. తొమ్మిదేళ్ళు అలాగే నడిచింది.

ఈ ఏడు వేసవిలో వ్యాపారం కొంచెం మందగించింది. దానికి కారణం ఏలూరులో ఇంకొకరు ఇలాంటి యంత్రమే పెట్టటం. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. భాస్కరానికి కూడా తెలుసు. అయినా అతను అనంతకృష్ణను పిలిపించాడు. అనంతకృష్ణ ఓవర్సీరుగా పనిచేసి రిటైరై, వాస్తు చెప్పడం మొదలుపెట్టినవాడు. ఆయన టేపు పట్టి షెడ్డు కొలిచి, ఉత్తరం వైపున అంత బరువు చుట్టను పెట్టారేంటండీ, ఇంకెక్కడి లక్ష్మి అన్నాడు. బరువు నైరుతిలో ఉండాలి, రేకు దక్షిణం నుంచి ఉత్తరానికి పారాలి అన్నాడు. కొత్త పునాది పొయ్యడం ఖర్చు గనుక, జ్యేష్ఠమాసంలో మంచిరోజు చూసి, యంత్రాన్ని పాత పునాది మీదనే ఈ చివర ఆ చివరకు మార్చి తిప్పేశారు.

తిప్పిన దానికి ఫలితం ఏమిటో చిన్నపిల్లలైనా చెప్పగలరు. గోడ వైపున ఉన్న గేర్లు మనుషుల వైపుకు వచ్చాయి. మనుషుల వైపున ఉన్న బటన్లు గోడ వైపుకు వెళ్ళాయి. గోడకు, యంత్రానికి మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు. దక్షిణపు చివర చుట్ట అడ్డం గనుక, ఆ సందులోకి ఉత్తరం కొస నుంచే వెళ్ళాలి. సందులో నిలబడి పచ్చ బటన్ నొక్కడం, యంత్రం నడుస్తుండగానే చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి పని చూసుకోవడం. ఆపే ఎర్ర బటన్ అక్కడే, గోడను చూస్తూ ఉండిపోయింది.

అమ్మాజీ అది చూసిన రోజే చెప్పింది. మళ్ళీ మళ్ళీ చెప్పింది. "ఏమండీ, తీగలు పొడిగించి ఆ పెట్టె ఇవతలికి తెప్పించండి. ఒక పూట పని." భాస్కరం చివరికి ఒప్పుకున్నాడు. కాని అప్పటికి ఆషాఢం వచ్చేసింది. శూన్యమాసంలో యంత్రానికి కొత్త పని ఏదీ తలపెట్టకూడదని అనంతకృష్ణ అన్నాడు. శ్రావణంలో చూద్దామని భాస్కరం అన్నాడు. రేకు కొయ్యడానికి అడ్డురాని ఆషాఢం, బటన్ మార్చడానికి అడ్డువచ్చింది.

సోమవారం దొరబాబు చెయ్యి రోలర్లలోకి వెళ్ళింది.

* * *

షెడ్డులో యంత్రానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. రోలర్ల కింద నేల కడిగి ముగ్గు వేశారు. ఎందుకు కడిగారో అమ్మాజీకి తెలుసు. బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం సిద్ధంగా ఉన్నది. రత్తమ్మ తలారా స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, చేతిలో కొబ్బరికాయతో నిలబడి ఉన్నది. రెండు రోజులుగా ఏడ్చిన కళ్ళు. ఆమె పక్కన గణేష్‌బాబు. దొరబాబుకు తోడుగా పనిచేసేవాడు అతనే. ఈ రోజు నుంచి దొరబాబు స్థానంలో నిలబడవలసినవాడు కూడా అతనే. చేతిలో రోలర్లు తుడిచే బనియన్ వేస్టు గుడ్డల ఉండ పట్టుకుని ఉన్నాడు.

అనంతకృష్ణ పట్టుకండువా సవరించుకుని, "రండి అమ్మా, సమయానికి వచ్చారు. ఇల్లాలు కూడా ఉంటే పూర్ణఫలం," అన్నాడు.

"ఆషాఢంలో ఏమీ చెయ్యకూడదన్నారు కదండీ?"

"శాంతికి మాసం పట్టింపు లేదమ్మా."

"బటన్ పెట్టె మార్చడానికి మాత్రం ఉన్నదా?"

"అది కొత్త పని. ఇది దోషనివృత్తి. రెండింటికీ తేడా ఉంది."

"దోషం ఎక్కడున్నది? చూపించండి, నేను కూడా చూస్తాను."

అనంతకృష్ణ చిన్నగా నవ్వాడు. "యంత్రంలో లేదు తల్లీ. యంత్రం దివ్యంగా కూర్చుంది. ఆ అబ్బాయికి గ్రహస్థితి బాగాలేదు. పేరు బలం చూశాను. అతనికి ఈ నెలంతా అగ్నితోనో ఇనుముతోనో గండం రాసి ఉంది."

"అవునండి అమ్మగారూ," అన్నది రత్తమ్మ. "మా ఆయన జాతకమే అంతండి. నేనే ముందు చూపించుకోవాల్సిందండి."

"రత్తమ్మా, నువ్వు కాసేపు ఊరుకో."

"అమ్మాజీ," అన్నాడు భాస్కరం. గొంతు తగ్గించి మాట్లాడటం అతనికి అలవాటు. కోపం వచ్చినప్పుడు మరీ తగ్గిస్తాడు. "వాడి ఆసుపత్రి ఖర్చు నేనే పెడుతున్నాను. నడిచే రోలరు మీద చెయ్యి పెట్టినవాడికి ఎవరు పెడతారు, చెప్పు? వాడే ఒప్పుకుంటున్నాడు. నువ్వెందుకు మధ్యలో?"

"తొమ్మిదేళ్ళూ నడిచే రోలరు మీదే చెయ్యి పెట్టాడండీ. రేకు మీది పెచ్చు రోలరుకు అంటుకుంటే, ఆ మచ్చ ప్రతి రేకు మీదా పడుతుంది. మచ్చ పడితే బీరువాలవాళ్ళు వెనక్కి పంపిస్తారు. అందుకని మీరే తుడవమన్నారు. ఆపి తుడిస్తే ఆలస్యమని నడుస్తుండగా తుడవమన్నారు. అప్పుడు ఎడమచేత్తో తుడిచేవాడు, కుడిచెయ్యి ఎర్ర బటన్ మీద ఉండేది. గోరు కూడా ఊడలేదు. అదే మనిషి, అవే రోలర్లు, అదే గుడ్డ. మారింది ఏమిటి?"

"నీ ఫిజిక్సు కాలేజీలో చెప్పుకో."

"అక్కడ చెబితే పిల్లలకు అర్థమవుతుంది."

గణేష్‌బాబు తల వంచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికో, భయానికో తెలియలేదు.

"ముహూర్తం దాటిపోతోంది," అన్నాడు అనంతకృష్ణ, గడియారం చూసుకుంటూ. "యంత్రం కదలాలి. కదులుతుండగానే గుమ్మడికాయ కొట్టాలి."

"గణేషూ, నొక్కరా," అన్నాడు భాస్కరం.

గణేష్‌బాబు ఉత్తరం కొస దాటి, పక్కకు తిరిగి, పొట్ట లోపలికి బిగబట్టి సందులోకి దూరాడు. కాసేపటికి యంత్రం మూలిగింది. నైరుతిలో చుట్ట మెల్లగా తిరిగింది. రేకు రోలర్లలోకి, రోలర్ల నుంచి కత్తుల మీదికి పాకసాగింది. గణేష్‌బాబు గోడ సున్నం వీపుకు అంటించుకుని తిరిగి వచ్చాడు. రోలరు మీద ఎక్కడో పెచ్చు కనబడింది కాబోలు, అలవాటు చొప్పున బనియన్ వేస్టుతో చెయ్యి చాచాడు.

అమ్మాజీ అతని మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"చెయ్యి తియ్."

"పైపైనే తుడుత్తానండి అమ్మగారూ..."

"తియ్యమన్నానా."

అమ్మాజీ క్యారియర్ కింద పెట్టింది. రెండు అడుగులు వేసి, అనంతకృష్ణ భుజం మీది పట్టుకండువా అందుకున్నది. ఆయన ఆ సంగతి గ్రహించేలోపు, దాన్ని పొడుగ్గా రేకు మీద పరిచింది. రేకు దాన్ని మోసుకుంటూ రోలర్ల వైపు బయలుదేరింది.

"ఆపండి ఓవర్సీరుగారూ," అన్నది. "తిప్పించింది మీరు. దాన్ని రోలర్లు పట్టుకునే లోపల ఆపండి. ఎర్ర బటన్ ఎక్కడున్నదో మీకు తెలుసుగా."

"ఏంటమ్మా ఇది! అది వెంకటగిరి జరీ..."

"వెళ్ళండి. వెళ్ళి నొక్కండి."

ఆయన వెళ్ళాడు. పాపం, పంచె పైకెత్తుకుని నిజంగానే పరుగెత్తాడు. ఉత్తరం కొస దాకా పోయి, సందు ముందు ఆగి, ఎదురుగా ఒకసారి, పక్కకు తిరిగి ఒకసారి ప్రయత్నించాడు. ఆయన పొట్ట గోడకు, యంత్రానికి మధ్య ఇరుక్కున్నది. కండువా రోలర్లలోకి వెళ్ళిపోయింది. గణేష్‌బాబు ఆయన వెనకాల చేరి, "తప్పుకోండి, తప్పుకోండి బాబూ," అంటూ ఆయన్ని బయటికి లాగి, తాను దూరాడు. అప్పటికి కండువా రోలర్లు దాటి, ఇస్త్రీ చేసినంత చదునుగా బయటపడి, కత్తుల మీదికి చేరింది. గుండ్రటి కత్తులు రేకుతో పాటు దాన్ని కూడా నిలువునా చీల్చుకుంటూ పోయాయి. ఆఖరి అంచు కూడా తెగి అవతల పడిన తరువాత యంత్రం ఆగింది.

చూరు నుంచి నీటి బొట్లు పడుతున్న చప్పుడు మళ్ళీ వినిపించింది.

"పెద్దాయన భుజమ్మీది కండువా లాగుతావా?" అన్నాడు భాస్కరం. ఈసారి అతని గొంతు తగ్గలేదు. "మతి పోయిందా నీకు? రేపు ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అమ్మాజీ జవాబు చెప్పబోయింది. ఆమెకన్నా ముందు రత్తమ్మ కదిలింది. కొబ్బరికాయ నేల మీద పెట్టి, యంత్రం అవతలి చివరికి నడిచి, రేకు ముక్కల మీద పడి ఉన్న పట్టు పీలికలు ఏరింది. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, చివరిదాకా వేళ్ళతో తడిమింది. అంచు జరీ ఉన్న పీలిక దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"గణేషూ," అన్నది. "ఇలా రా."

సందులో నుంచి బయటపడి గణేష్‌బాబు వచ్చాడు.

"మొన్న మా ఆయన కేకేసినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే. పక్కనే ఉన్నానొదినా."

"మరి ఎటునించి ఎల్లావు?"

అతను వేలు చూపించాడు. ఉత్తరం కొస, మలుపు, సందు.

"ఇంత దూరం పోయావా? ఇంతసేపూ ఆయన చెయ్యి అందులోనే ఉందా?"

గణేష్‌బాబు అవునన్నట్టు తల ఊపాడు.

"నాకు సెప్పలేదేంటి?"

"ఏం సెప్పనొదినా. గేటు దగ్గర మెయినుంది, అది ఇంకా దూరం. నేను పరిగెత్తాను. ఒట్టు."

"నువ్వు పరిగెత్తావులే. నిన్నేం అన్లేదు." రత్తమ్మ భాస్కరం వైపు తిరిగింది. రెండు రోజుల ఏడుపు ఆమె మొహం మీద నుంచి ఎవరో తుడిచేసినట్టు పోయింది. "బాబుగారూ, నాకు జాతకమన్నారండి. గ్రహాలన్నారండి. నేను నమ్మానండి. నిన్న రాత్రి ఆయన నొప్పికి మూలుగుతుంటే, నువ్వే ఏదో పాపం చేసుంటావని నా నోటితో నేనే అన్నానండి ఆయన్ని. ఆ మాట నేనెలా వెనక్కి తీసుకోవాలో మీరు సెప్పండి."

రత్తమ్మ పీలిక పట్టుకున్న చేత్తో సందు వైపు చూపించింది.

"ఈ ఓవర్సీరుగారికి ఎల్లే దారి లేదండి అక్కడ. ఈయనే పట్టలేదు. ఈయన పట్టని సందులో మా ఆయన పేణం పెట్టారన్నమాట."

"నోరు జాగ్రత్త," అన్నాడు అనంతకృష్ణ, పంచె దులుపుకుంటూ.

"నా నోరు జాగ్రత్తగానే ఉందండి. మీ బొజ్జ జాగ్రత్తండి."

ఇంత జరిగినా పనివాళ్ళలో ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. రత్తమ్మ నవ్వలేదు. తిన్నగా దక్షిణపు చివరికి వెళ్ళి, యంత్రం మీద మనిషెత్తున ఉన్న ఉక్కు చుట్ట ముందు, చుట్ట నుంచి రేకు విడివడే చోట నేల మీద కూర్చుని, రేకుకు వీపు ఆనించింది. "ఆ ఎర్రది ఇవతలికి వచ్చేదాకా నేను లెగను. గణేష్‌కి కూడా పెళ్ళాం ఉంది. రేపు దాని చేత కొబ్బరికాయ కొట్టిత్తారా?"

"బీరువాలవాళ్ళందరికీ శ్రావణానికి సరుకు ఇవ్వాలి," అన్నాడు భాస్కరం. ఎవరితో అన్నాడో తెలియదు. "మాటిచ్చాను."

అమ్మాజీ గేటు దగ్గరికి వెళ్ళింది. మెయిన్ స్విచ్ కిందికి లాగింది. బోర్డు మీది పింగాణీ ఫ్యూజులు మూడూ పీకి, చేతి సంచిలో వేసుకుని, సంచి మూతి బిగించింది. వెనక్కి వచ్చి రత్తమ్మ పక్కన, నేల మీద, చీర నలుగుతుందని కూడా చూడకుండా చతికిలబడింది.

"సరుకు మీరు ఇవ్వకూడదని నేననలేదు," అన్నది. ఇప్పుడు ఆమె గొంతులో అరుపు లేదు. అందువల్లనే భాస్కరం విన్నాడు. "మీరు నన్ను తిట్టండి. ఇంటికి వచ్చాక కూడా తిట్టండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారని అందరూ అంటారు. మీరు ఆకులైనా పట్టుకోలేదు. గుమ్మడికాయ పట్టుకున్నారు. కాలినవాడికి అన్నం కూడా మాన్పించారు. ఎలక్ట్రీషియన్ని పిలిపించండి. పెట్టె ఈ వైపుకు వచ్చాక ఫ్యూజులు ఇస్తాను."

"ఆషాఢం," అన్నాడు భాస్కరం. ఆ మాటకు ఇప్పుడు బలం లేదని అతనికే తెలిసినట్టున్నది.

"దోషనివృత్తికి మాసం పట్టింపు లేదటగా," అన్నది అమ్మాజీ. "ఓవర్సీరుగారు ఇందాకే చెప్పారు. నేను విన్నాను. ఆయనే ఇక్కడున్నారు, కాదనమనండి."

అనంతకృష్ణ భుజం మీద లేని కండువాను ఒకసారి సవరించుకుని, కారు దగ్గరికి నడిచాడు.

ఎలక్ట్రీషియన్ మధ్యాహ్నానికి వచ్చాడు. సాయంత్రం అయ్యేసరికి బటన్ల పెట్టె ఇనుప స్టాండు మీద, రోలర్లకు చెయ్యి అందేంత దగ్గరగా, మనుషుల వైపున నిలిచింది. అమ్మాజీ సంచిలోని ఫ్యూజులు తీసి ఇచ్చింది. గణేష్‌బాబు కుడిచెయ్యి దాని మీద పెట్టి, ఎడమచేత్తో బనియన్ వేస్టు పట్టుకుని చూసుకున్నాడు. పచ్చది నొక్కాడు, నడిచింది. ఎర్రది నొక్కాడు, ఆగింది. అమ్మాజీ అప్పుడు లేచి, రత్తమ్మను ఆటో ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్ళింది. దారిలో రత్తమ్మ ఒక్క మాటే అడిగింది.

"ఆయన్ని అలాగన్నాను కదండి. ఎలా సెప్పనండి?"

"ముందు అన్నం పెట్టు," అన్నది అమ్మాజీ. "తరువాత, అతని తప్పు కాదని చెప్పు. చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పు. ఒకసారి చెబితే నమ్మడు."

యంత్రాన్ని మాత్రం భాస్కరం తిరిగి పాత వైపుకు తిప్పలేదు. అనంతకృష్ణను ఆ తరువాత కూడా రెండుసార్లు పిలిచాడు. అమ్మాజీ ఆ రెండుసార్లూ ఇంట్లో ఆయనకు మంచినీళ్ళు ఇవ్వలేదు.

2005లో ఆ యంత్రాన్ని కాకినాడ వాళ్ళు కొని తీసుకుపోయారు. ఆ రోజు దాకా దాని ఎర్ర బటన్ దగ్గర పని దొరబాబుదే. అతను దాన్ని ఎడమచేత్తో నొక్కేవాడు.